అబార్షన్ విషయంలో లీడర్ నమ్మకం వేరు, ఓటు వేరు అయితే తప్పేంటి?

ఎడిటర్ గారికి నమస్కారం,

అమెరికాలో అబార్షన్ గొడవ మీద ఈ మధ్య మీ పేపర్లో వచ్చిన వ్యాసం చదివానండీ. "నాకు పర్సనల్‌గా ఇష్టం లేదు గానీ చట్టం మాత్రం ఉండాలి" అనే లీడర్లంతా రెండు నాల్కల వాళ్ళేనని అందులో తేల్చేశారు. నేను ఒప్పుకోను. జ్ఞానాపురంలో పుట్టి పెరిగిన క్యాథలిక్‌ని నేను, నర్సుగా చేసి రిటైర్ అయ్యాను, కడుపులో ఉన్నది ప్రాణమేనని చిన్నప్పట్నుంచీ నమ్మాను, ఇప్పటికీ నమ్ముతున్నాను. అలాగని నా నమ్మకాన్ని పోలీసుల్ని పెట్టి పక్కింటి అమ్మాయి మీద రుద్దమని ఏ ఎమ్మెల్యేనీ అడగను, అడిగే హక్కు నాకు లేదు.

ఈ వాదన ఇవాళ్టిది కాదు. 1984లోనే న్యూయార్క్ గవర్నర్ మారియో క్యూమో, ఆయనా క్యాథలిక్కే, నోటర్‌డామ్ యూనివర్సిటీలో నిలబడి ఇదే చెప్పారు, చర్చి మాట మా ఇంట్లో మేం పాటిస్తాం గానీ ఇన్ని మతాల వాళ్ళున్న చోట దాన్నే అందరికీ చట్టం చేసేయాలా అని. 2012 ఎన్నికల డిబేట్‌లో అప్పటి ఉపాధ్యక్షుడు బైడెన్ కూడా దాదాపు అదే అన్నారు. ఇలా అన్నవాళ్ళు ఊరికే తప్పించుకోలేదు, 2022లో అప్పటి అమెరికా దిగువ సభ స్పీకర్ నాన్సీ పెలోసీకి, ఆవిడా క్యాథలిక్కే, దివ్యసత్ప్రసాదం ఇవ్వొద్దని శాన్‌ఫ్రాన్సిస్కో ఆర్చ్‌బిషప్ చెప్పేశారు. పూజకెళ్ళి ప్రసాదం అందుకోకుండా వెనక్కి రావడం ఎంత బాధో మాలాంటి వాళ్ళకి తెలుస్తుంది.

వీళ్ళందరికంటే నాకు బెల్జియం రాజు బోదువాన్ అంటే గౌరవం. 1990లో పార్లమెంటు అబార్షన్ చట్టం పాస్ చేస్తే, ఆయనకేమో పిల్లల్లేరు, మనసొప్పక సంతకం పెట్టనన్నారు. అయితే చట్టాన్ని ఆపడానికీ చూడలేదు. రాజుగా పనిచేసే స్థితిలో లేరని మంత్రివర్గం ప్రకటించింది, మంత్రులే సంతకాలు పెట్టారు, ఆ వెంటనే మళ్ళీ ఆయన్ని రాజుగా తెచ్చుకున్నారు. తన మనస్సాక్షి పోగొట్టుకోలేదు, జనం ఎన్నుకున్న సభకి అడ్డమూ పడలేదు. దీన్ని రెండు నాల్కలు అంటారా? ఆ మాట అనాలంటే అమెరికా ఎంపీగా ఉన్న టిమ్ మర్ఫీ లాంటి వాళ్ళని అనండి, సభలో అబార్షన్‌కి వ్యతిరేకంగా ఓట్లేసి, తను సంబంధం పెట్టుకున్నావిడని మాత్రం అబార్షన్ చేయించుకోమన్నాడని మెసేజులు బయటపడి 2017లో రాజీనామా చేసి పోయాడు.

నమ్మకమే చట్టమైపోతే ఏమవుతుందో ఐర్లాండ్‌లో చూశాం. మన పక్క కర్ణాటక బెళగావి నుంచి వెళ్ళిన డెంటిస్టు సవిత, పదిహేడో వారం, గర్భం ఎలాగూ నిలవదని తెలిసిపోయింది, తీసేయమని అడిగితే పిండం గుండె ఇంకా కొట్టుకుంటోందని ఆపారు, 2012 అక్టోబర్‌లో ఒళ్ళంతా ఇన్ఫెక్షన్ పాకి చనిపోయింది. తర్వాత చట్టం కొంచెం సడలించినప్పుడు ప్రధాని ఎండా కెన్నీ, నేను క్యాథలిక్‌నే గానీ క్యాథలిక్ ప్రధానిని కాదన్నారు. 2018లో రెఫరెండం పెడితే 66 శాతం మంది పాత నిషేధం తీసేయమని ఓటేశారు.

ఇక మన సంగతి. మనకి 1971 నుంచే అబార్షన్ చట్టం ఉంది, 2021లో మార్చారు, ఇరవై వారాల దాకా ఒక డాక్టర్ ఒప్పుకుంటే చాలు, కొన్ని పరిస్థితుల్లో ఇద్దరు డాక్టర్లు ఒప్పుకుంటే ఇరవైనాలుగు దాకా. (ఆడపిల్లని తెలిసి తీయించేయడం పూర్తిగా వేరే సంగతి, దానికి 1994 చట్టం ఉంది, గట్టిగా అమలవ్వాల్సిందే.) మన లీడర్లని నీ నమ్మకం ఏంటని ఎవరూ అడగరు కాబట్టి మనకి ఆ ప్రమాదం లేదనుకుంటాం. ఉందండీ. మన రాష్ట్రంలోనే ఇద్దరికంటే ఎక్కువ పిల్లలుంటే పంచాయతీకి పోటీ చేయకూడదని 1994లో రూల్ పెట్టారు, 2024 నవంబర్‌లో అసెంబ్లీలో ఆ రూల్ ఎత్తేశారు, ఇప్పుడు ముఖ్యమంత్రి చంద్రబాబు గారే ఎక్కువ మందిని కనండి అంటున్నారు. జనాభా లెక్కలు మారాయి కాబట్టి అభిప్రాయం మారింది, అనొచ్చు, సలహా ఇవ్వొచ్చు, తప్పులేదు. కానీ ముప్పై ఏళ్ళలో ఇంత తిరగబడే పెద్దల అభిప్రాయం మీద ఒక ఆడమనిషి కడుపు ఆధారపడకూడదు, అందుకే ఆ నిర్ణయం ఆమె దగ్గర ఉండాలంటున్నాను.

నేను కళ్ళారా చూసింది ఒకటి చెప్తాను. పాడేరు వైపు నుంచి ఒకమ్మాయి వచ్చింది, చంకలో ఏడాది నిండని పిల్లాడు, మళ్ళీ నెల తప్పింది, తీసేయమని అడిగింది, ఒంట్లో రక్తం లేదు, అరచేతులు తెల్లగా పాలిపోయున్నాయి. మీ ఆయన్ని తీసుకురా, సంతకం కావాలన్నారు మా సీనియర్ సిస్టర్. ఆయన చెన్నైలో కూలికెళ్ళాడు. పొద్దున్నుంచి బెంచీ మీదే కూర్చుని సాయంత్రం బస్సెక్కి పోయింది. తర్వాత మెడికల్ షాపులో ఏవో మాత్రలు కొనుక్కుని మింగి, చీరంతా రక్తంతో, బీపీ పడిపోయి ఆటోలో తీసుకొచ్చారు. దేవుడి దయ, బతికింది. ఆ సిస్టర్ చెడ్డావిడ కాదు, నాలాగే ప్రార్థన చేసుకునే మనిషి, ఈ పాపం నా చేతుల మీదుగా జరగకూడదనుకుంది. కానీ పద్ధెనిమిదేళ్ళు నిండిన ఆడమనిషికి తన సంతకం ఒక్కటే చాలని చట్టంలో ఉంది. భర్త, అత్తమామల అనుమతి లాంటి లేని షరతులు పెట్టొద్దని 2022 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. తనకి మనసొప్పకపోతే పక్కకి తప్పుకుని ఇంకొకర్ని పిలవాల్సింది, ఆ రాజు చేసినట్టు.

ఓట్ల కోసం మా వీధిలోకి వచ్చేవాళ్ళని దేవుణ్ణి నమ్ముతావా లేదా అని నేను అడగను. ఏజెన్సీలో ఎన్ని ఆస్పత్రుల్లో లేడీ డాక్టర్ని పెట్టావు, ఆ సంతకం అడగడం ఎప్పుడు ఆపిస్తావు, బిడ్డని కంటానన్న తల్లికి రక్తం ఎక్కే తిండి ఎవరు పెడతారు, ఇవి అడుగుతాను. మీరు కూడా ఈ చట్టంలో ఏముందో మామూలు తెలుగులో, పెద్ద అక్షరాలతో విశాఖ, అల్లూరి జిల్లాల పేజీల్లో ఒకసారి వేయండి, ఆశా వర్కర్లు కత్తిరించి దాచుకుంటారు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ నర్సు,
జ్ఞానాపురం, విశాఖపట్నం