ఓట్స్ పొడి షుగర్ మాత్రకు బదులు కాదు

సంపాదకుల వారికి,

తిరుపతిలో ఉదయపు నడకకు వెళ్లే మైదానాల గేట్ల దగ్గర, రాగి జావ, కాకరకాయ రసం అమ్మే బండ్ల పక్కన ఇప్పుడు ‘ఓట్స్ మూలికా పొడి’ పొట్లాలు చేరాయి. షుగర్, బీపీ, కొవ్వు, నిద్రలేమి అన్నింటికీ అదొక్కటే మందని అమ్మేవారు చెబుతున్నారు. మా అత్తగారు 350 రూపాయలు పెట్టి ఒక పొట్లం కొనుక్కుని, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా షుగర్ మాత్రలు మానేశారు. మూడు వారాలకు కళ్లు తిరిగి కూలబడితే పరీక్ష చేయించాం; పరగడుపున 280 ఉంది. ‘ఆకుమందే కదా, చెడు చేయదులే అనుకున్నా’ అన్నారావిడ.

ఓట్స్‌ను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. వాటిలోని బీటా గ్లూకాన్ అనే పీచు పేగుల్లో జిగురుగా మారి పిత్తరసంలోని ఆమ్లాలను బయటికి పంపేస్తుంది కనుక, వాటిని మళ్లీ తయారుచేసుకోవడానికి కాలేయం రక్తంలోని కొలెస్ట్రాల్‌ను వాడుకుంటుంది. రోజుకు 3 గ్రాముల బీటా గ్లూకాన్ లెక్కన గుండెజబ్బు ముప్పు తగ్గవచ్చని ప్యాకెట్లపై రాసుకోవడానికి అమెరికా ఆహార, ఔషధ సంస్థ 1997లో అనుమతించింది కూడా. అయితే ఆ 3 గ్రాములు అందాలంటే దాదాపు 75 గ్రాముల ఓట్స్ తినాలి. పొట్లంపై రాసినట్టు చెంచాడు, అంటే 5 గ్రాముల పొడి నీళ్లలో కలుపుకుంటే, అదంతా ఓట్సే అనుకున్నా, దక్కేది 0.2 గ్రాములు. అందులో ఇంకేం కలిపారో అచ్చువేయనే లేదు.

నిద్రకు, నరాలకు పచ్చి ఓట్స్ కాడల కషాయం వాడటం ఐరోపా నాటువైద్యంలో ఉన్నదే గానీ, దానికి గట్టి రుజువు లేదు. దురదకు మెత్తటి ఓట్స్ పిండి పూయడం కొంత నయం. అదీ కొందరు పసిపిల్లల చర్మానికి పడదు.

తిండిగా తినేవారికీ కొన్ని జాగ్రత్తలున్నాయి. ఒక్కసారిగా ఎక్కువ తిని నీళ్లు సరిగా తాగకపోతే కడుపు ఉబ్బుతుంది. మింగడం కష్టమైన వృద్ధులు, పేగు సన్నబడినవారు డాక్టరును అడిగి తినడం మంచిది. గోధుమ పడని సీలియాక్ రోగులకు, మిల్లులో గోధుమతో కలిసిన ఓట్స్ చేటు చేస్తాయి. చక్కెర కలిపిన ఇన్‌స్టంట్ రకాలు షుగర్‌ను పెంచుతాయి. వాటికోసం మన రాగి సంగటిని వదులుకోవడం నాకైతే విడ్డూరమే.

మధుమేహాన్ని నయం చేస్తామని ప్రకటించడాన్ని 1954 నాటి చట్టమే నిషేధించింది. ఆహార పదార్థమని అమ్మినా ప్యాకెట్‌పై 14 అంకెల లైసెన్సు సంఖ్య ఉండాలి. మేం కొన్న పొట్లంపై పచ్చటి ఆకు బొమ్మ తప్ప ఏ సంఖ్యా లేదు. తిరుపతి, చిత్తూరు జిల్లాల ఆహార భద్రత, ఔషధ నియంత్రణ అధికారులు తెల్లవారుజామున ఒకసారి ఆ గేట్ల దగ్గరికి రావాలని, బీపీ, షుగర్ పరీక్షలకు ఇళ్లకు వచ్చే ఆరోగ్య సిబ్బంది ‘మాత్రలు వేసుకుంటున్నారా’ అని అడిగేటప్పుడు ‘పొడులేమైనా వాడుతున్నారా’ అని కూడా అడగాలని కోరుతున్నాను. ఆ పొట్లంలో సగం పొడి మా ఇంట్లోనే ఉంది. పరీక్షకు ఏ అధికారి అడిగినా ఇస్తాం.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
తిరుపతి