మా కంప్యూటర్లో ఉన్న పుస్తకాలు మీ లైబ్రరీలో ఎందుకు లేవు?

పాఠశాల విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను విజయవాడ గవర్నర్‌పేటలో డీటీపీ చేస్తాను. పాతికేళ్ళుగా ఇదే పని. పెళ్ళి శుభలేఖలు, కరపత్రాలు, సంఘాల డైరీలు, వాటి మధ్యలో కథల పుస్తకాలు, కవిత్వం, నవలలు. గ్రంథాలయాలు మీ శాఖ కిందే ఉన్నాయి కాబట్టి ఈ ఉత్తరం మీకు రాస్తున్నాను.

మొన్న వేసవిలో గుంటూరు నుంచి ఒక మాస్టారు వచ్చారు. రిటైరయిన తెలుగు పండితులు. 2009లో ఆయన కథల పుస్తకం నేనే టైప్ చేశాను. డెమ్మీ సైజు, 12 ఫారాలు (ఫారం అంటే 16 పేజీలు). 500 కాపీలు వేయించుకున్నారు. సగం పంచిపెట్టారు, మిగతా సగం ఇంట్లో అట్టపెట్టెల్లోనే చెదలు పట్టాయి. ఒకే ఒక్క కాపీ మిగిలితే, ఎవరో పరిశోధన చేసుకునే అమ్మాయి అడిగిందని ఇచ్చేశారు. ఆ అమ్మాయి మళ్ళీ కనిపించలేదు. "అమ్మా, మన పుస్తకం నీ కంప్యూటర్లో ఇంకా ఉందా?" అని అడిగారు.

పాత సిస్టమ్ అటక మీద ఉంది. దించి, దుమ్ము దులిపి, హార్డ్ డిస్క్ తీసి తగిలిస్తే టిక్కు టిక్కుమని చప్పుడు. రెండు గంటలు తంటాలు పడితే 14 కథల్లో 9 తెరుచుకున్నాయి. ఆ తొమ్మిదీ పెన్ డ్రైవ్‌లో వేసి ఇచ్చాను. రాత్రి మాస్టారు ఫోన్ చేశారు. "ఏంటమ్మా, మనవడి ల్యాప్‌టాప్‌లో పెడితే అంతా పిచ్చి గీతల్లా ఉంది?" చెప్పడం మర్చిపోయాను. అది అను ఫాంట్. ఆ ఫాంటు లేని మెషీన్‌లో 'అమ్మ' అన్న మాట కూడా ఇంగ్లీషు అక్షరాలూ కొక్కేలూ గానే కనిపిస్తుంది.

మంత్రి గారూ, డిజిటల్ పుస్తకాలు అనగానే అందరికీ స్కానర్ గుర్తొస్తుంది. పాత పుస్తకాలకు స్కానర్ కావాల్సిందే. ఇంతకుముందు డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా కింద వేల తెలుగు పుస్తకాలు స్కాన్ చేశారు. మంచి పనే. కాకపోతే కొన్నింట్లో పేజీలు ఎగిరిపోయాయి, పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఎవరికి తోచినట్టు వాళ్ళు కొట్టారు. తెలుగులో వెతికితే దొరకవు. కానీ ఈ పాతికేళ్ళలో అచ్చయిన పుస్తకాలకు స్కానర్‌తో పనేముంది? అవి పుట్టిందే కంప్యూటర్లో. మేం పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో కొట్టి, మూడు ప్రూఫులు దిద్ది, ట్రేసింగ్ పేపరు మీద ప్రింటు తీసి ప్రెస్సుకు పంపుతాం. ప్లేటు పడ్డాక ఆ ఫైలు గురించి అడిగేవాళ్ళే ఉండరు. పదేళ్ళకి ఎవరో ఆ పుస్తకం కొని పేజీ పేజీ స్కాన్ చేస్తారు. ఇడ్లీ వేసేసి, మళ్ళీ దాన్ని నలిపి పిండి చేసుకున్నట్టు.

ఫైలు సంగతి అటుంచండి, అచ్చు పుస్తకానికైనా మన దగ్గర చోటు ఏదీ? దేశంలో ఎక్కడ పుస్తకం వేసినా ప్రచురణకర్త నాలుగు లైబ్రరీలకు కాపీలు పంపాలని 1954 చట్టం ఉంది. కోల్‌కతాలో నేషనల్ లైబ్రరీ, చెన్నైలో కన్నెమరా, తర్వాత ముంబయి, ఢిల్లీ. ఆ చట్టం వచ్చేనాటికి మన రాష్ట్రం కర్నూలు రాజధానిగా పుట్టి ఏడాది కూడా నిండలేదు. అందుకని గుంటూరు రచయిత పుస్తకం చట్టప్రకారం చెన్నై చేరాలి గానీ గుంటూరు చేరాలని ఆ చట్టంలో లేదు. అసలు సొంత డబ్బుతో వేసుకునే రచయితల్లో చాలామందికి ఇలాంటి చట్టం ఒకటుందనే తెలియదు. నాకూ ఈ మధ్యే తెలిసింది.

డబ్బు లేదని మాత్రం అనకండి. మా ఇంటి పన్ను కాగితంలో లైబ్రరీ సెస్ అని ఒక గడి ఉంది. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద వసూలు చేసేది, పన్నులో రూపాయికి 8 పైసలు. మూడు వేలు పన్ను కడితే 240 రూపాయలు. ఆ డబ్బు వసూలు చేసిన పంచాయతీ, మున్సిపాలిటీల నుంచి జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరాలి. ఆ చేరడం దగ్గరే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఆ గడి చూసుకుని ఒకసారి ఒక శాఖా గ్రంథాలయానికి వెళ్ళాను. పొద్దున్నే పెద్దవాళ్ళు పేపర్లు చదువుతున్నారు. మిగతా కుర్చీల్లో గ్రూప్స్‌కీ డీఎస్సీకీ చదివే పిల్లలు. వాళ్ళను తప్పుపట్టను. ఇంట్లో ఫ్యాను కింద కుదురుగా కూర్చునే చోటు లేకే కదా అక్కడికి వచ్చేది. మన జిల్లా రచయితల పుస్తకాలేమైనా ఉన్నాయా అని అడిగితే లైబ్రేరియన్ గారు బీరువా తీశారు. అట్టలు ఊడిన నవలలు, చాలావరకు నా పెళ్ళికి ముందువి. "కొత్తవి రావమ్మా" అన్నారు. అందులో ఆయన చేసేదేముంది?

1914లో ఇదే బెజవాడలో, రామమోహన గ్రంథాలయంలో గ్రంథాలయ సంఘం పుట్టిందని మీకు సభల్లో చాలామందే చెప్పి ఉంటారు. నాకు నచ్చేది ఇంకొకటి. 1935లో గ్రంథాలయోద్యమ నాయకులు పాతూరి నాగభూషణం గారు కొల్లిపర, పెదవడ్లపూడి మధ్య కాలువలో పడవ మీద పుస్తకాలు పంపారు. ఊళ్ళో లైబ్రరీ లేకపోతే రేవుకే పుస్తకం వచ్చేది. ఇప్పుడు ఫైలు పంపడానికి పడవ కూడా అక్కర్లేదు. 200 పేజీల పుస్తకం ఫైలు, వాట్సాప్‌లో పొద్దున్నే వచ్చే గుడ్ మార్నింగ్ వీడియో అంత కూడా ఉండదు.

నేను అడిగేది ఒక్కటే. పుస్తకం అచ్చయినప్పుడు దాని సాఫ్ట్ కాపీని, రచయిత రాతపూర్వక అనుమతితో, జిల్లా గ్రంథాలయ సంస్థ తీసుకుని దాచాలి. అను ఫైలైతే, ఏ మెషీన్‌లోనైనా తెలుగు తెలుగుగానే కనిపించే యూనికోడ్‌లోకి మార్చాలి. మార్చే సాఫ్ట్‌వేర్లున్నాయి, కానీ ఒత్తుల దగ్గర తడబడతాయి. పక్కన కూర్చుని చదివే మనిషి కావాలి. ఈ పని తెలిసినవాళ్ళు మా వీధిలోనే ఉన్నారు, పని తగ్గి షట్టర్లు దించుకున్నవాళ్ళు. ఫారానికి ఇంత అని రేటు కట్టివ్వండి. ఇందులో నా స్వార్థం లేదా అంటే, ఉంది.

రచయితల భయం కూడా వినండి. పొద్దున పుస్తకం విడుదలైతే సాయంత్రానికి పీడీఎఫ్ టెలిగ్రామ్ గ్రూపుల్లో తిరుగుతుంది. కాబట్టి లైబ్రరీ ఒక ఫైలును ఒకసారికి ఒక్కరికే, 15 రోజులకు ఇవ్వాలి, గడువు అయ్యాక అది దానంతటదే మూసుకుపోవాలి. రచయితకు కనీసం ఇరవై కాపీల ఖరీదు కట్టివ్వాలి. ఇక పోయిన రచయితల సంగతి. మరణించిన ఏడాది గడిచాక 60 ఏళ్ళు దాటితే కాపీరైట్ ఉండదు. 'మాలపల్లి' నవల రాసిన ఉన్నవ లక్ష్మీనారాయణ గారు 1958లో పోయారు. తెనాలి హోటళ్ళలో పనిచేస్తూ నవలలు రాసిన శారద 1955లో పోయారు. వాళ్ళ పుస్తకాలకు ఎవరి సంతకమూ అక్కర్లేదు, రేపే మొదలుపెట్టొచ్చు. 1971లో పోయిన జాషువా గారివి 2031 చివరిదాకా ఆగాలి, లేదా కుటుంబంతో మాట్లాడుకోవాలి. తమిళులు ఆగలేదు. 1949లో కవి సుబ్రహ్మణ్య భారతి రచనలతో మొదలుపెట్టి, ఎందరో రచయితల హక్కులు ప్రభుత్వమే డబ్బిచ్చి తీసుకుని జనానికి వదిలేసింది.

ఒక్క మనవి. దయచేసి ముందు యాప్ వద్దు. యాప్ అంటే ప్రారంభోత్సవం, ఫొటోలు, ఆరు నెలలకు లాగిన్ పనిచేయకపోవడం. ముందు ఫైళ్ళు చేరనివ్వండి.

నా దగ్గర 163 పుస్తకాల ఫైళ్ళున్నాయి. రచయితల్నీ, వాళ్ళ పిల్లల్నీ వెతికి అడిగితే ఇప్పటికి 27 మంది అనుమతి కాగితం మీద సంతకం పెట్టిచ్చారు. మాస్టారిదే మొదటిది. పోయిన ఐదు కథలూ ఆయన ఇప్పుడు చేత్తో మళ్ళీ రాస్తున్నారు, ఒకదాని ముగింపు మాత్రం గుర్తుకు రావడం లేదట. మిగతా ఫైళ్ళన్నీ కొత్త డిస్క్‌లోకి ఎక్కించి, జాబితా రాసి బీరువాలో పెట్టాను. ఎక్కడికి తెచ్చి ఎవరి చేతికివ్వాలో చెప్పండి.

ఇట్లు,
ఒక డీటీపీ ఆపరేటర్,
గవర్నర్‌పేట, విజయవాడ