శ్రీకాకుళం జిల్లా ఎస్పీ గారికి ఒక కథారచయిత్రి విన్నపం

అయ్యా, నమస్కారం.

పలాస జీడి పరిశ్రమల్లో పనిచేసే ఆడవాళ్ల మీద నేను రాసిన పదకొండు కథల్ని ఎవరో ఈ-బుక్ చేసి ఆన్‌లైన్‌లో 99 రూపాయలకు అమ్ముతున్నారు. జీడి జిడ్డుకి నల్లగా కాలిపోయిన ఆ వేళ్లను పక్కన కూర్చుని చూసి రాసిన కథలవి. ఇవి మొదట ఒక పత్రికలో అచ్చయినప్పుడు ఒకచోట ‘జీడిపిక్కలు’ బదులు ‘జీడిపక్కలు’ అని పడింది. ఈ-బుక్‌లో ఆ అచ్చుతప్పు కూడా అలాగే ఉంది. నా పేరు మాత్రం లేదు.

ఫిర్యాదు ఇద్దామని స్టేషన్‌కి వెళ్తే, “కథలకి కేసేంటమ్మా, రిజిస్ట్రేషన్ ఉందా?” అన్నారు. ఆ రాత్రంతా నిద్ర పట్టలేదు.

అయ్యా, కాపీరైట్‌కి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. రాసినప్పుడే హక్కు పుడుతుంది. 1957 కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ కింద, తెలిసి చేసే ఇలాంటి పనికి మూడేళ్ల దాకా జైలు, 2 లక్షల దాకా జరిమానా. ఇది పోలీసులు నేరుగా కేసు కట్టదగ్గ నేరమని 2022లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. పత్రికకి ఇచ్చేశారు కదా అంటారేమో. రాతపూర్వకంగా సంతకం పెట్టి ఇస్తే తప్ప హక్కు చేతులు మారదని 19వ సెక్షన్ చెబుతోంది. నేనెక్కడా సంతకం పెట్టలేదు.

రచయితలు తెచ్చే ఫిర్యాదులు తీసుకోమని జిల్లాలోని స్టేషన్లన్నిటికీ ఒక సర్క్యులర్ పంపండి. అమ్మకం పేజీ మాయం కాకముందే ఆ డబ్బు ఏ ఖాతాలోకి పోతోందో సైబర్ విభాగంతో వెతికించండి.

పత్రిక ప్రతులు, స్క్రీన్‌షాట్లు, నా చేతిరాత నోట్‌బుక్కులు అన్నీ ఉన్నాయి. ఏ రోజు రమ్మంటే ఆ రోజు పట్టుకొస్తాను.

ఇట్లు,
ఒక ఫ్రీలాన్స్ రచయిత్రి, శ్రీకాకుళం