ఎన్‌కే కణాల కళ్లెం ఎవరి చేతిలో ఉంది

తార్నాక, హైదరాబాద్

ప్రియమైన రమణా,

నీ ఉత్తరం అందింది. శరీరంలో రోగాలతో పోరాడే ఎన్‌కే (నేచురల్ కిల్లర్) కణాలను పెంచుతుందని డబ్బా మీద రాసి అమ్ముతున్న పొడిని నాన్నగారికి కొనవచ్చా అని అడిగావు. వానలు మొదలైతే చాలు, ఇక్కడా మందుల షాపుల నిండా ఆ సరుకే. కొనవద్దనే చెబుతాను. ఎందుకో తెలియాలంటే ఆ కణాలను ఎవరు నడిపిస్తారో తెలియాలి.

నేచురల్ కిల్లర్ కణాల సంగతి 1975లో బయటపడింది. రక్తంలోని లింఫోసైట్లు అనే తెల్ల రక్తకణాల్లో ఇవి సుమారు 5 నుంచి 15 శాతం ఉంటాయి. ముందస్తు పరిచయం లేకపోయినా వైరస్ సోకిన కణాన్నీ, క్యాన్సర్ కణాన్నీ చంపగలవని వీటికి పేరు. అంతటి పేరున్నవి ఒంటరిగా వదిలేస్తే బతకలేవు! దాత రక్తం నుంచి వేరుచేసి పోషక ద్రవంలో ఉంచినప్పుడు, సైటోకైన్లు అనే సంకేత ప్రొటీన్లలో ఇంటర్‌ల్యూకిన్-2 గాని ఇంటర్‌ల్యూకిన్-15 గాని కలపకపోతే కొద్ది రోజుల్లోనే ముడుచుకుపోయి చచ్చిపోతాయి. మిల్లీలీటరుకు కొన్ని నానోగ్రాముల ఇంటర్‌ల్యూకిన్-15 వేసి చూడు: కణాలు ఉబ్బుతాయి, గుంపులు కడతాయి. అప్పుడు కే562 అనే లుకీమియా కణాలను వాటి మధ్య వదిలితే, ఒక్కొక్క ఎన్‌కే కణం వెళ్లి వాటికి అతుక్కుంటుంది. కాసేపటికి ఆ పెద్ద లుకీమియా కణం ఒళ్లంతా బుడగలు లేచి పగిలిపోవడం మైక్రోస్కోపు కింద స్పష్టంగా కనిపిస్తుంది.

శరీరంలో ఈ ఇంటర్‌ల్యూకిన్-15 పంపకం తమాషాగా ఉంటుంది. రోగక్రిములను పసిగట్టే డెండ్రైటిక్ కణాలు దానిని ఊరికే రక్తంలోకి వదిలేయకుండా తమ ఉపరితలం మీద సంకేతాన్ని పట్టుకునే గ్రాహకంపై (రిసెప్టర్) నిలుపుకొని, దగ్గరకు వచ్చిన ఎన్‌కే కణానికి, పెళ్లిలో తాంబూలం ఇచ్చినట్టు, ఎదురుగా నిలబడి చేతికి అందిస్తాయి. దాని జన్యువు లేని ఎలుకల్లో ఎన్‌కే కణాలు దాదాపు కనిపించవు.

ఇక రోగక్రిమి చొరబడినప్పుడు క్రిములను మింగేసే మాక్రోఫేజ్‌లూ, డెండ్రైటిక్ కణాలూ ఇంటర్‌ల్యూకిన్-12, 18 విడుదల చేస్తాయి. ఆ రెండూ కలిసి తగిలితే ఎన్‌కే కణం ఇంటర్‌ఫెరాన్-గామా అనే మరో సంకేత ప్రొటీన్‌ను కుమ్మరిస్తుంది. అది మాక్రోఫేజ్‌లను మరింత రెచ్చగొడుతుంది. అవి మళ్లీ ఇంటర్‌ల్యూకిన్-12 వదులుతాయి. ఇలా ఒకదాన్నొకటి ఎగదోసుకుంటూ పోతే మన కణజాలమే కాలిపోతుంది కనుక ఆపేవారూ ఉండాలి. ఆ పనిలో ముఖ్యమైనది టీజీఎఫ్-బీటా అనే సంకేత ప్రొటీన్. ఇది తగిలిన ఎన్‌కే కణం మీద శత్రు కణాన్ని గుర్తుపట్టే ఎన్‌కేజీ2డీ అనే గ్రాహకం తగ్గిపోతుంది, చంపే చురుకూ మందగిస్తుంది.

గర్భాశయంలో జరిగేది నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఉదాహరణ. గర్భం తొలి నెలల్లో అక్కడి పొరలోని తెల్ల రక్తకణాల్లో 70 శాతం దాకా ఎన్‌కే కణాలే. అయినా అవి పెద్దగా హత్యలు చేయవు. టీజీఎఫ్-బీటా వంటి స్థానిక సంకేతాల మధ్య పెరిగి, తామూ రక్తనాళాల పెరుగుదలకు తోడ్పడే ప్రొటీన్లను స్రవిస్తూ, తల్లి ధమనులు వెడల్పు కావడానికి సాయపడతాయి. ఇదే కళ్లెం క్యాన్సర్ కణితులకూ దొరికింది. అవి టీజీఎఫ్-బీటాను దండిగా విడుదల చేస్తాయి. అది చాలదన్నట్టు, తమ జాడ పట్టించే ఎంఐసీఏ అనే ప్రొటీన్‌ను ఉపరితలం నుంచి కత్తిరించి బయటికి వదులుతాయి. ఎన్‌కేజీ2డీ ఆ తునకలను పట్టుకునే పనిలో పడి అసలు శత్రువును వదిలేస్తుంది.

అందుకే ‘పెంచడం’ అనే మాటతో నాకు పేచీ. మూత్రపిండ క్యాన్సర్ ముదిరినవారికి పెద్ద మోతాదు ఇంటర్‌ల్యూకిన్-2ను అమెరికాలో 1992లోనే అనుమతించారు. కొందరికి గుణం కనిపించింది గాని, రక్తనాళాల నుంచి ద్రవం కారి, బీపీ పడిపోయే ప్రమాదంతో ఆసుపత్రిలో కనిపెట్టి ఉండవలసి వచ్చేది. పైగా ఆ మందు నిరోధక చర్యను అణచే టీ కణాలనూ పోషిస్తుంది. అసలు సైటోకైన్లు ప్రొటీన్లు కదా, ఒకవేళ పొడిలో నిజంగానే ఉన్నా కడుపులోకి వెళ్లాక పప్పులాగే జీర్ణమవుతాయి.

2024 ఏప్రిల్‌లో అమెరికాలోనే అనుమతి పొందిన ఇంటర్‌ల్యూకిన్-15 ఆధారిత మందు సంగతి వేరు. బీసీజీ (క్షయ టీకా) చికిత్సకు లొంగని ఒక రకం మూత్రాశయ క్యాన్సర్‌కు దానిని బీసీజీతో కలిపి గొట్టం ద్వారా నేరుగా మూత్రాశయంలోకే ఎక్కిస్తారు. రక్తంలోకి కాక కణితి ఉన్న చోటికే పంపడం నాకు తెలివైన పనిగా తోస్తుంది. నాన్నగారికి మాత్రం డాక్టరును అడిగి ఫ్లూ టీకా వేయించు. ఆ డబ్బా ఖరీదూ టీకా ఖరీదూ పోల్చి ఏది ఎక్కువో నాకు రాయి.

నీ
శ్రీధర్