ఫిర్యాదు: పొడుగు పైలట్ల కోసమని అమ్మిన కనోపీలో తల పట్టడం లేదు

డాలస్, టెక్సస్

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: మీ దగ్గర కొన్న ఎత్తు పెంచిన కనోపీకి (విమానంలో పైలట్ తల మీద ఉండే పారదర్శక మూతకి) డబ్బు వాపసు, బిగింపు సూచనల సవరణ, మిగతా కొనుగోలుదారులకు హెచ్చరిక గురించి.

నమస్కారం. మీ సేల్స్ విభాగంలో తెలుగువాళ్లున్నారని ఆర్డర్ ఇచ్చినప్పుడు ఫోన్‌లో తెలిసింది. ఇంగ్లీషులో రాసిన మెయిళ్లన్నిటికీ ఒకే అచ్చు జవాబు వస్తోంది. అందుకని ఈసారి తెలుగులో రాస్తున్నాను. దీన్నయినా ఎవరో ఒక మనిషి చదువుతారని ఆశ.

నేను గ్యారేజీలో కట్టుకుంటున్నది ఇద్దరు పక్కపక్కన కూర్చునే చిన్న అల్యూమినియం విమానం. నా ఎత్తు ఆరడుగుల మూడంగుళాలు. కిట్‌తో వచ్చిన కనోపీ మూస్తే హెడ్‌సెట్ పట్టీ పైన ఆనుకుంటోంది. మీ ప్రకటనలో పొడుగు పైలట్లకి రెండంగుళాల చోటు అదనం అని చూసి, మామూలు దాని కంటే చాలా ఎక్కువ ధర పెట్టి మీ కనోపీ తెప్పించాను.

పెట్టె విప్పాక దాన్ని ఫ్రేమ్ మీద క్లాంపులతో నిలబెట్టి కొలిచాను. సరిగ్గా నడిమధ్యలో పాత దాని కంటే 48 మిల్లీమీటర్లు ఎత్తు ఉంది. అక్కడి వరకు మీ లెక్క దాదాపు సరే. కానీ ఆ నడిమధ్యన ఎవరూ కూర్చోరు కదండీ. పక్కపక్క సీట్ల విమానంలో పైలట్ తల మధ్యగీతకి ఇటు పక్కన, నా విమానంలో అయితే 25 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. అక్కడ పెరిగింది 21 మిల్లీమీటర్లే. ఇంకా బయటికి జరిగి, హెడ్‌సెట్ కప్పు ఉండే చోట కొలిస్తే 12. పాత పట్టాలకీ పక్క ఫ్రేమ్‌కీ అతకాలని పక్కల వంపుని ముట్టుకోకుండా నడుమ మాత్రం ఉబ్బించారు. రెండు కనోపీల్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరికైనా తెలిసిపోతుంది. పెంకుటింటి ఎత్తు నిట్టాడి దగ్గర కొలిచి చెప్పి, మమ్మల్ని తీసుకెళ్లి చూరు కింద కూర్చోబెట్టారు.

అసలు మీ ఆర్డర్ ఫారంలో అడిగింది పైలట్ ఎత్తు ఒక్కటే. విమానంలో నిలబడం. సీటు నుంచి నడినెత్తి దాకా ఎంత అన్నదే కావాల్సిన కొలత. నాకది 99 సెంటీమీటర్లు. నా అంత పొడుగే ఉండి, కాళ్లు పొడుగైన మనిషికి ఇది నాలుగైదు సెంటీమీటర్లు తక్కువ ఉండొచ్చు. అతనికి మీ కనోపీ అక్కర్లేకపోవచ్చు, నాకు చాలకపోవచ్చు. ఆ కొలత రాసే గడి ఫారంలో లేదు. ఉండుంటే ఈ ఉత్తరం రాసే పని మనిద్దరికీ తప్పేది.

దీనికి మీ టెక్నికల్ విభాగం ఇచ్చిన సలహా కుషన్ మందం సగానికి తగ్గించుకోమని. విమానం గట్టిగా నేలకి తగిలినప్పుడు వెన్నుపూసకి కాస్త అడ్డంగా ఉండేది ఆ ఫోమే. పైగా కిందికి దిగిన కొద్దీ ముక్కు మీదుగా రన్‌వే కనబడటం తగ్గుతుంది. కుషన్ కోసేసి సర్దుకునేవాణ్నయితే మీకు అంత డబ్బు ఎందుకు కడతాను?

ఇంతకంటే నన్ను టెన్షన్ పెట్టిన విషయం రోల్ బార్. విమానం ముక్కు నేలకి గుచ్చుకుని తిరగబడితే భూమికీ తలకీ మధ్య నిలవాల్సింది ఆ గొట్టమే. దాని పైభాగం నుంచి ఇంజన్ కౌలింగ్ (ఇంజన్ మీది మూత) దాకా ఒక తాడు లాగితే పైలట్ తల ఆ తాడుకి కిందే ఉండాలి. మీ ప్రకటన నమ్మి ఎవరైనా సీటు పైకి జరుపుకుంటే తల ఆ తాడుని దాటి పైకి వస్తుంది. రోల్ బార్ మాత్రం పాత ఎత్తులోనే ఉంటుంది. కనోపీ ఎత్తు పెంచేవాళ్లు దీని గురించి ఒక్క వాక్యమైనా రాయాలి. మీ పత్రాల్లో అది ఎక్కడా లేదు. ఎగిరేటప్పుడు కనోపీ పైభాగాన్ని గాలి పైకి లాగుతుంది. కొత్త ఆకారంతో ఆ బలం ఎంత మారుతుందో, కనోపీని మూసి పట్టుకునే పాత లాచ్‌లు (గడియలు) తట్టుకుంటాయో లేదో అడిగాను. దానికీ జవాబు లేదు.

ఇక బిగింపు సూచనలు. స్క్రూ సైజుకి సరిగ్గా రంధ్రం వేసి గట్టిగా బిగించమన్నారు. కనోపీ చేసిన యాక్రిలిక్ ప్లాస్టిక్ మీటరు పొడవుకి, ఒక్కో డిగ్రీ సెల్సియస్‌కి సుమారు 0.07 మిల్లీమీటరు సాగుతుంది. ఉక్కు సాగేది అందులో సుమారు ఆరో వంతే. నా కనోపీ పొడవు మీటరున్నర. జనవరి చలికీ ఆగస్టు ఎండకీ 40 డిగ్రీల తేడా వేసుకున్నా, కనోపీకీ దాని ఉక్కు ఫ్రేమ్‌కీ మధ్య మూడున్నర మిల్లీమీటర్ల పేచీ. కదలడానికి చోటు లేకపోతే రంధ్రం అంచు దగ్గర బీట మొదలవుతుంది. అందుకే రంధ్రం పెద్దదిగా వేసి, స్క్రూ మరీ బిగించకుండా వదలాలి. యాక్రిలిక్‌కి పనికొచ్చే డ్రిల్ బిట్ వాడాలనీ, చలిలో కోయకూడదనీ కూడా మీ పత్రంలో లేదు. మా ఇంటికి పని చూడటానికి వచ్చిన ఇ.ఎ.ఎ. (సొంతంగా విమానాలు కట్టుకునేవాళ్ల సంఘం) టెక్నికల్ కౌన్సెలర్ ఆ కాగితం చదివి, ముందు డ్రిల్ పక్కన పెట్టమన్నారు. పెట్టేశాను. కాబట్టి ఇందులో ఒక్క రంధ్రం కూడా పడలేదు, వాడిన వస్తువు అనడానికి మీకు వీల్లేదు.

ఇది ఎక్స్‌పెరిమెంటల్ (సొంతంగా కట్టుకునే) విభాగం విమానం, బాధ్యత కట్టుకునేవాళ్లదే అని మీ చివరి మెయిల్‌లో రాశారు. తెలుసండీ. సగానికి పైగా పని సొంతంగా చేస్తేనే అమెరికాలో ఆ విభాగంలో సర్టిఫికెట్ ఇస్తారు. బిల్డర్‌గా సంతకం పెట్టేది నేనే, మొదటిసారి ఎక్కేదీ నేనే. అంత మాత్రాన మీరు అచ్చేసిన అంకెకి నేను బాధ్యుణ్ని కాను. ఇప్పటికే ఎగురుతున్న విమానాలకి దీన్ని బిగించినవాళ్ల సంగతి కూడా చూడండి. వాళ్లది పెద్ద మార్పు కిందికి వస్తే మళ్లీ కనీసం 5 గంటలు టెస్ట్ ఫ్లైట్లు చేయాలి. వాళ్ల చేతికి కూడా ఇదే కాగితం వెళ్లింది.

కనోపీ ధర, రవాణా ఖర్చు పూర్తిగా వాపస్ ఇవ్వండి. స్టోర్ క్రెడిట్ వద్దు. ప్రకటనలో అదనపు ఎత్తు సీటు మధ్యన ఎంతో రాయండి, నడుమ ఎత్తు కావాలంటే పక్కన వేసుకోండి. రంధ్రాల సూచన మార్చి, ఇదివరకు కొన్నవాళ్లందరికీ పంపండి. అన్నిటి కంటే ముందు చేయాల్సిన పని ఇదే, నా డబ్బు దాని తర్వాతైనా ఫర్వాలేదు. లాచ్‌ల మీద లెక్క గానీ పరీక్ష గానీ చేసి ఉంటే ఆ వివరాలు పంపండి. చేయకపోతే చేయలేదని రాయండి.

నెలాఖరులోగా మీ నుంచి రాతపూర్వకంగా జవాబు రాకపోతే కార్డు బ్యాంకులో డిస్ప్యూట్ వేసి, రాష్ట్ర వినియోగదారుల విభాగానికి ఈ కొలతలు, ఫొటోలు పంపుతాను. కనోపీని మీరు పంపిన పెట్టెలోనే మళ్లీ సర్ది ఉంచాను. తీసుకెళ్లే రవాణా ఏర్పాటు మీదే. వచ్చే ముందు ఒక రోజు ఫోన్ చేస్తే చాలు.

ఇట్లు,
మీ కస్టమర్

జతపరచినవి: కొలతల పట్టిక, రెండు కనోపీల ఫొటోలు, ఆర్డర్ రసీదు