డిస్క్ పెంచినా చోటు పెరగదేం?

సంపాదకులకు,

క్లౌడ్ కోర్సుల్లో సర్వర్‌ని క్లోన్ చేయడం (అచ్చు నకలు తీయడం) దాకా బాగానే నేర్పుతున్నారు. ఆ తర్వాత డిస్కు దగ్గర పడే తంటా ఉద్యోగంలో చేరాకే తెలుస్తోంది. మీ చదువుల పేజీ చూసే కుర్రాళ్ల కోసం ఈ నాలుగు మాటలు వేయగలరు.

40 జీబీ టెంప్లేట్ (నకళ్లకు మూలంగా ఉంచుకున్న సర్వర్) నుంచి లినక్స్ సర్వర్ క్లోన్ తీసి, వర్చువల్ సర్వర్లు నడిపే వీఎంవేర్‌లో డిస్కుని 100 జీబీ చేస్తారు. లోపల చోటు చూపే 'డీఎఫ్' కమాండ్ కొడితే పాత సైజే! పెరిగింది బయటి డిస్కు ఒక్కటే. దాని మీదున్న పార్టిషన్ (డిస్కులో ఒక భాగం), డిస్కు చోటుని పంచిపెట్టే ఎల్‌వీఎంలోని ఫిజికల్ వాల్యూమ్, లాజికల్ వాల్యూమ్, ఆపైన ఫైళ్లు ఉండే ఫైల్ సిస్టమ్ దేనికది విడిగా పెంచాలి. ముందు డిస్కుల జాబితా చూపే 'ఎల్‌ఎస్‌బీఎల్‌కే'లో 100 కనబడుతోందా చూడండి. లేకపోతే డిస్కుని రీస్కాన్ చేయాలి. తర్వాత వరసగా పార్టిషన్‌కి గ్రోపార్ట్, ఫిజికల్ వాల్యూమ్‌కి పీవీరీసైజ్, లాజికల్ వాల్యూమ్‌కి ఎల్‌వీఎక్స్‌టెండ్ కమాండ్లు. చివరి దానికి 'మైనస్ ఆర్' తగిలిస్తే ఫైల్ సిస్టమ్ కూడా అదే పెంచేస్తుంది. అసలు వీఎంవేర్‌లో సైజు మార్చే గడే పని చేయకపోతే పాత స్నాప్‌షాట్ (సర్వర్ ఒకప్పటి స్థితిని దాచి ఉంచింది) ఏదైనా మిగిలిందేమో వెతకండి.

గ్రోపార్ట్ 'నోచేంజ్' అని ఊరుకుందంటే చాలాసార్లు రూట్ (సిస్టమ్ ఉండే ప్రధాన పార్టిషన్) వెనకాల స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడే చోటు) పార్టిషన్ అడ్డం కూర్చుని ఉంటుంది. ఎల్‌వీఎం ఉంటే దాని జోలికి పోకుండా ఇంకో డిస్కు తగిలించి, పీవీక్రియేట్, వీజీఎక్స్‌టెండ్‌లతో దాన్ని ఎల్‌వీఎం గ్రూపులో కలుపుకోవడం మేలు. ఎల్‌వీఎం లేకపోతే స్వాప్ ఆపి, ఆ పార్టిషన్ తీసేసి, రూట్ పెంచాక స్వాప్ ఫైల్ పెట్టుకోవచ్చు. బూట్‌లో తగిలించాల్సిన డిస్కుల జాబితా ఉండే ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌ ఫైలులో పాత స్వాప్ లైను మరిచిపోతే మాత్రం బూట్ అయ్యేటప్పుడు లేని డిస్కు కోసం 90 సెకన్లు ఎదురుచూస్తుంది.

ఇంతకన్నా ప్రమాదం యూయూఐడీతో, అంటే ఫైల్ సిస్టమ్‌కి ఉండే ప్రత్యేక గుర్తింపు సంఖ్యతో. క్లోన్‌లో అది కూడా మక్కికి మక్కి దిగుతుంది. పాడైన క్లోన్ డిస్కుని సరిచేద్దామని అసలు సర్వర్‌కే తగిలిస్తే, ఎక్స్‌ఎఫ్‌ఎస్ రకం ఫైల్ సిస్టమ్ అయితే డూప్లికేట్ యూయూఐడీ అంటూ మౌంట్ కాదు (తెరుచుకోదు). కనీసం అరిచి చెబుతుంది, నయం. 'నోయూయూఐడీ' ఆప్షన్‌తో అప్పటికి పని గడుస్తుంది. ఎల్‌వీఎం గ్రూపు పేర్లు ఢీకొంటే 'వీజీఇంపోర్ట్‌క్లోన్' కమాండ్ ఉంది. ఈఎక్స్‌టీ4 రకం ఫైల్ సిస్టమ్ మాత్రం కిమ్మనదు. డిస్కు అలాగే ఉంచి రీబూట్ చేస్తే ఏ డిస్కు రూట్‌గా లేస్తుందో చెప్పలేం. రాసింది ఒకచోట, చూసేది ఇంకోచోట అవుతుంది. అందుకే క్లోన్ డిస్కుని వేరే టెంప్లేట్ నుంచి పుట్టిన సర్వర్‌కే తగిలించాలి. యూయూఐడీ మార్చేస్తే సరి అనుకోకండి, ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో, సిస్టమ్‌ని లేపే గ్రబ్‌లో కూడా మార్చకపోతే ఆ క్లోన్ మళ్లీ లేవదు.

ఈ బాధలో సగం టెంప్లేట్ దగ్గరే తప్పించవచ్చు. స్వాప్‌ని రూట్‌కి ముందే పెట్టండి, గ్రోపార్ట్ ప్యాకేజీ ముందే వేసి ఉంచండి. డిస్కు ఎప్పటికైనా 2 టీబీ దాటేట్టుంటే పార్టిషన్ల పట్టికకి మొదటి రోజే జీపీటీ పద్ధతి ఎంచుకోండి. పాత పద్ధతి ఎంబీఆర్ అంతకు మించి పోదు.

– సర్వర్ నిర్వహణ ఇంజినీర్లు, హైదరాబాద్