పక్షవాతం డిశ్చార్జి కాగితంలో పాటకు, ఆటకు కూడా ఒక గీత ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

ఏటా అక్టోబరు 29న ప్రపంచ పక్షవాత దినం రాగానే పత్రికలు దాని మీద ఒక పేజీ వేస్తాయి. మూతి వంకర పోయినా, చెయ్యి లేవకపోయినా, మాట తడబడినా వెంటనే ఆస్పత్రికి పరుగెత్తండి, నాలుగున్నర గంటల్లోపు రక్తపు గడ్డ కరిగే ఇంజెక్షన్ పడాలి అని రాస్తాయి. రాయాల్సిందే. పావురం రక్తం పట్టిస్తే కాలూ చెయ్యీ వస్తాయని నమ్మేవాళ్లు ఇంకా ఉన్నారు కాబట్టి ఇంకాస్త గట్టిగానే రాయాలి. కానీ ఇంటికొచ్చాక సంగతి ఏమిటి? దానికి ఆ పేజీలో దొరికేది "ఫిజియోథెరపీ చేయించాలి, కుటుంబ సభ్యులు ధైర్యం చెప్పాలి" అన్నంత వరకే. ఆ తర్వాతి బతుకు గురించే ఈ ఉత్తరం.

మా ఆయన దుగ్గిరాల పసుపు యార్డులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. జీతం అక్కడిదే గానీ ప్రాణమంతా హార్మోనియం మీదే. తెనాలి చుట్టుపక్కల పౌరాణిక నాటకం ఆడుతున్నారంటే రాత్రంతా వాయించి, పొద్దున్నే స్నానం చేసి యార్డుకు వెళ్లేవారు. నిరుడు మెదడు ఎడమ వైపు రక్తం గడ్డకట్టి కుడి కాలూ చెయ్యీ పడిపోయాయి, మాట పోయింది. మిగిలింది "కాదు" అన్న ఒక్క మాట. కాఫీ కావాలా అంటే "కాదు" అంటూనే గ్లాసు కోసం ఎడమ చెయ్యి చాచేవారు. మనం చెప్పేది అర్థమవుతుంది, తిరిగి చెప్పడం రాదు.

డిశ్చార్జి చేసినప్పుడు ఇచ్చిన కాగితంలో మాత్రల పేర్లు, ఉప్పు తగ్గించమన్న మాట, చేతి వ్యాయామాల బొమ్మలు ఉన్నాయి. ఈ మనిషి ఏం చేసేవాడు, ఏమంటే ఇష్టం అని అక్కడ ఎవరూ అడగలేదు. స్పీచ్ థెరపీ మాటెత్తితే విజయవాడలో కనుక్కోమన్నారు.

చూడ్డానికి వచ్చిన నాటకాల మిత్రుల్లో ఒకాయన, ఏం మాట్లాడాలో తోచక కాబోలు, పద్యం ఎత్తుకున్నారు. మొదటి పాదం అయ్యేసరికి మా ఆయన రాగం అందుకున్నారు. రాగం వెనకే మాటలు కూడా వచ్చేశాయి. వియ్యపురాలు దేవుడి గదిలోకి పరుగెత్తి దీపం పెట్టింది. నేను పదో తరగతికి జీవశాస్త్రం చెప్పి రిటైరైనదాన్ని, నాకు మాత్రం మెదడు బొమ్మ కళ్లముందుకొచ్చింది.

ఇందులో మహిమ లేదు. మాటను నడిపించే భాగం చాలామందికి ఎడమ మెదడు ముందు వైపు ఉంటుంది. దాన్ని 1861లో పాల్ బ్రోకా అనే ఫ్రెంచి వైద్యుడు గుర్తించాడు. పాటకు కుడి మెదడు కూడా బాగా సాయం పడుతుంది. అందుకే మాట పోయినా పాట మిగలొచ్చు. మాట రాని మనిషి ప్రార్థనా గీతాలు పాడాడని స్వీడన్‌లో 1745లోనే రాసి పెట్టారు. దీన్ని చికిత్సగా మలిచింది అమెరికాలోని బోస్టన్ వైద్యులు, 1973లో. రోజూ అవసరమయ్యే చిన్న మాటను ఎక్కువ, తక్కువ అన్న రెండే స్వరాల్లో పాడించాలి. ఒక్కో అక్షరానికి ఎడమ చేత్తో తట్టించాలి. పలకడం కుదురుకున్న కొద్దీ పాటను తగ్గిస్తూ మామూలు మాటలోకి తేవాలి.

ఒక తేడా మాత్రం ఇంటివాళ్లు తెలుసుకోవాలి. వెనకెప్పుడో కంఠతా వచ్చిన పద్యం పాడినంత మాత్రాన మాట వచ్చేసినట్టు కాదు. పద్యం దానంతట అది దొర్లుకుంటూ వచ్చేస్తుంది. "మంచినీళ్లు కావాలి" అన్నది మనిషి తనంతట తాను కూర్చుకోవాలి. మేం విజయవాడ వెళ్లి ఒక స్పీచ్ థెరపిస్టు దగ్గర నేర్చుకుని, ఇంట్లో మంచం కోడు మీద తట్టిస్తూ ఆ మాటే పాడించాం. ఇప్పుడు నీళ్లు, అన్నం, నొప్పి, ఫ్యాను అడిగి తీసుకుంటారు. సాగదీసి అంటారు, అంతే. అందరికీ ఇంత వస్తుందని నేను చెప్పను. ఎదుటివాళ్ల మాట అర్థం కాని రోగులకు ఈ పద్ధతి అంతగా పనికిరాదని ఆ థెరపిస్టే చెప్పారు.

వినడం సంగతి వేరు. ఫిన్లాండ్‌లోని హెల్సింకీలో 60 మంది పక్షవాత రోగులను మూడు జట్లుగా చేశారు. మామూలు వైద్యం అందరికీ ఇచ్చారు. దానికి తోడు ఒక జట్టు రెండు నెలల పాటు రోజుకు కనీసం గంటసేపు పాటలు వింది, రెండో జట్టు పుస్తకాల ఆడియో వింది, మూడో జట్టుకు ఏమీ పెట్టలేదు. 2008లో ఫలితాలు వచ్చాయి. పాటలు విన్నవాళ్లకు మాటల జ్ఞాపకం, ఏకాగ్రత మిగతావాళ్లకన్నా బాగా మెరుగయ్యాయి, దిగులు కూడా తక్కువగా ఉంది. ఆ పాటలు రోగులు తమకు నచ్చి ఎంచుకున్నవి. మన ఇళ్లలోనేమో మనిషి మంచాన పడగానే పొద్దస్తమానం భక్తి పాటలు పెట్టేస్తారు. జీవితమంతా ఘంటసాల సినిమా పాటలు విన్నాయనకు ఒక్కసారిగా ఈ వైరాగ్యం ఎందుకో నాకర్థం కాదు. ఫలానా రాగం వింటే ఫలానా జబ్బు పోతుందని వాట్సాప్‌లో తిరిగేవాటినీ, ఆ పేరుతో ప్యాకేజీలు అమ్మేవాళ్లనూ కూడా నమ్మొద్దు.

వాయించడం గురించి ఎవరూ చెప్పని ముక్క ఒకటుంది. జర్మనీలో పియానో మెట్లు, డ్రమ్ ప్యాడ్లు వాయింపజేసి చేతి కదలిక మెరుగుపరిచారు. ఆ రోగులు అంతకుముందు సంగీతం రానివాళ్లు. వచ్చినవాళ్ల బాధ వేరు. హార్మోనియం పెట్టె తెరిస్తే మా ఆయన ముఖం పక్కకు తిప్పుకునేవారు. బాగా వాయించిన చెవికి తన తప్పు బాగా వినపడుతుంది కదా. మనవడి ప్లాస్టిక్ కీబోర్డు ముందు పెడితే మాత్రం ఆ అభిమానం అడ్డు రాలేదు. కుడి చూపుడువేలితో ఒక్కో మెట్టు నొక్కి, అపస్వరం పలికితే వాడితో కలిసి నవ్వేవారు. బొటనవేలు ఇంకా సరిగా రాదు.

ఇక ఆటలు. కెనడా వైద్యుల నాయకత్వంలో నాలుగు దేశాల్లో 141 మంది మీద ఒక పరీక్ష జరిగింది, 2016లో ప్రచురించారు. చెయ్యి బలహీనపడిన రోగుల్లో సగం మందితో వీడియో గేమ్ ఆడించారు. మిగతా సగం పేకముక్కలు, బింగో, బంతాటలాంటివి ఆడారు. మామూలు ఫిజియోథెరపీ ఇద్దరికీ ఉంది. రెండు జట్లూ ఒకేలా బాగుపడ్డాయి. అంటే మిషన్ కొనలేని ఆస్పత్రి పేకకట్ట కొనొచ్చు. డబ్బు పెట్టకుండా ఆడితే పోలీసులు కూడా ఏమీ అనరు. మా ఇంట్లో వామనగుంటలు ఆడాం. చింతగింజలు గుప్పిట్లోకి తీసుకుని గుంటకొకటి చొప్పున వదలాలంటే వేళ్లు ఎంత పని చేయాలో ఆడి చూస్తేనే తెలుస్తుంది. అదే పని వ్యాయామం అని చెప్పి చేయిస్తే ఐదు నిమిషాలకే విసుక్కుని దుప్పటి కప్పుకునేవారు. ఆటలో ఓడిపోతున్నారంటే మాత్రం లేవరు!

ఆరోగ్యశాఖకు మీ పత్రిక ద్వారా చెప్పాలనుకున్నది ఇదీ. డిశ్చార్జి కాగితంలో "రోగికి ఇష్టమైన కాలక్షేపం" అని ఒక గీత పెట్టండి, ఫిజియోథెరపిస్టు దాన్ని చూసి వ్యాయామం చెప్పాలి. సికింద్రాబాదులో ఉన్న, మాట, వినికిడి లోపాల మీద పనిచేసే అలీ యావర్ జంగ్ సంస్థ కేంద్రంలాంటి చోట్ల స్పీచ్ థెరపిస్టులు చదువుకుని వస్తున్నారు, ఏరియా ఆస్పత్రులకు కనీసం వారానికొక రోజైనా వాళ్లను పంపండి. మాట రాని మనిషిని కారులో కూర్చోబెట్టి విజయవాడ తిప్పే స్తోమత అందరికీ ఉండదు.

మున్సిపాలిటీలకు కూడా ఒక మాట. మొన్న ఒక నాటకానికి ఆయన్ను తీసుకెళ్తే హాలు ముందు ఎత్తయిన మెట్లు, పట్టుకోవడానికి కమ్మీ లేదు, చక్రాల కుర్చీ వెళ్లే దారి లేదు. ఇద్దరు కుర్రాళ్లు కుర్చీతో సహా ఎత్తి లోపల పెట్టారు. విరామంలో బాత్‌రూమ్‌కు వెళ్లే వీల్లేక సగంలోనే వచ్చేశాం. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లోనే వచ్చింది. కళాక్షేత్రాలు, గ్రంథాలయాలు, క్లబ్బులు ఎన్నింటికి ర్యాంపు ఉందో, ఎన్నింటికి లేదో మీ విలేకరులు ఊరూరా చూసి జాబితా వేస్తే బాగుంటుంది. మా ఊరితోనే మొదలుపెట్టండి, ఏ హాలో నేను చూపిస్తాను.

ఇట్లు,
విశ్రాంత ఉపాధ్యాయిని, తెనాలి
(పేరు వేయవద్దని మనవి)